పుండును మాన్పినదేది? వైద్యయంత్రములును వాని సాక్ష్యమును



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము పుండ్లు. ఇది వినుటకు ఇంపైన మాట కాదు. కాని మధుమేహము, అనగా జనులు చక్కెరవ్యాధి యని చెప్పుకొనునది, పట్టణములను దాటి పల్లెలలోనికి వచ్చి చాలకాలమైనది. ఆ వ్యాధి ముదిరినవారిలో పలువురకు పాదములయందు స్పర్శజ్ఞానము నశించును. ముల్లు గుచ్చుకొన్నను, చెప్పు కఱచినను తెలియదు. అరికాలియందు లేచిన చిన్నపుండు నెలలకొలది మానక, తుదకు వ్రేలినో పాదమునో తీసివేయవలసిన దుర్గతి కలుగుట మీలో పలువురు కన్నులార చూచియే యుందురు.

ఇట్టి పుండ్లను మాన్పునవని చెప్పి నేడు పెక్కు సాధనములను అమ్ముచున్నారు. పుండులోని నీటిని పీల్చు యంత్రములు, ధ్వనితరంగములను పంపు యంత్రములు, ప్రాణవాయువు నింపిన గదులు, వెండి కలిపిన పట్టీలు అందులోనివి. వీనిలో కొన్ని మేలు చేయును. కొన్ని కొందఱికి మాత్రమే మేలు చేయును. మఱికొన్నిటివలన సొమ్ము కర్చగుటయే గాని వేఱు ఫలము కనబడలేదు. ఏది యెట్టిదో నిర్ణయించుట యెట్లు? నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాట గురువులయొద్ద తర్కశాస్త్రమును కొంత చదివితిని. ఔషధమిచ్చుట వైద్యుని పని. సాక్ష్యమును తూచుట మాత్రము బుద్ధి గల ప్రతివాని పని. ఆ ధైర్యముతోనే ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

కడచిన వర్షకాలమున ఒక సాయంకాలము మా యూరి రైతొకడు నా యరుగుమీదికి వచ్చి కూర్చుండెను. అతని తండ్రికి అరికాలిలో పుండు లేచి మూడు నెలలు దాటినది. పట్టణములోని ఒక ఆసుపత్రివారు ఒక యంత్రమును అద్దెకు దెచ్చి పెట్టవలెనని చెప్పి, అచ్చుకాగిత మొకటి యిచ్చి పంపిరి. ఆ కాగితముమీద రెండు ఛాయాచిత్రములు. మొదటిదానిలో భయంకరమైన పుండు; రెండవదానిలో అదే పాదము, పుండు మాని నున్నగా నున్నది. రైతు నన్నిట్లడిగెను:

"పంతులుగారూ, తమరు చదువుకున్నవారు. ఈ మిషను పెట్టించాలంటే ఉన్న ఎకరమూ తాకట్టు పెట్టాలండి. పెట్టించమంటారా, వద్దంటారా?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. ఆ రాత్రి మొదలు కొన్ని దినములు, ఇంగ్లీషు వైద్యపత్రికలు చదువు నా మేనల్లుని సాయముతో, ఈ విషయమును తఱచి చూచితిని. నాకు తెలిసినదానిని మీ ముందుంచెదను.

మొదట ఆ రెండు ఛాయాచిత్రములను విచారింతము. యంత్రము పెట్టిరి, పుండు మానినది. కావున యంత్రమే మాన్పినదని కాగితము మనచేత అనిపింపజూచును. మన తార్కికులు దీనిని ఎఱుగనివారు కారు. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది; ఆ క్షణముననే తాటిపండు రాలినది. కాకి వ్రాలుటచేతనే పండు రాలినదనుట యెట్టిదో, ఒకదాని వెనుక ఒకటి జరిగినంతమాత్రమున మొదటిది రెండవదానికి కారణమనుట అట్టిది. కాకతాళీయన్యాయ మనునది ఇదియే.

పుండు విషయమున ఈ జాగ్రత్త మఱింత ముఖ్యము. ఏలయన, పుండు మానుట దేహము తనంత తాను చేయు పని. యంత్రము పెట్టు దినములలో రోగి మంచముపై నుండును. కాలిపై బరువు మోపడు. చక్కెరను అదుపులో నుంచుటకు మందు లిత్తురు. చెడిన మాంసమును కోసి తీసివేయుదురు. దినము విడిచి దినమైనను నేర్పరియైన దాది పుండును కడిగి కట్టు కట్టును. ఇన్ని పనులు ఒక్కమాఱే జరుగుచుండగా, మానిన కీర్తియంతయు యంత్రమునకే కట్టబెట్టుట న్యాయమా? పదుగురు కలిసి లాగిన రథమును నేనొక్కడనే లాగితినని ఒకడు చెప్పుకొనినట్లుండును.

దీనికి పూర్వకాలపు కథ యొకటి దృష్టాంతముగా నున్నది. 17వ శతాబ్దమున ఐరోపాఖండమున, గాయము మానవలెనన్న గాయమునకు గాక, గాయము చేసిన కత్తికి లేపనము పూయవలెనని నమ్మినవారు గలరు. వారు కత్తికి శ్రద్ధగా మందు పూసి, గాయమును మాత్రము కడిగి, శుభ్రమైన గుడ్డతో కట్టి విడిచిపెట్టెడివారు. 1658వ సంవత్సరమున సర్ కెనెల్మ్ డిగ్బీ యను ఆంగ్లేయుడు ఇట్టిదే యొక చూర్ణమును గూర్చి గ్రంథము ప్రకటించెను. నెత్తుటిగుడ్డను ఆ చూర్ణము కలిపిన నీటిలో ముంచినచో దూరముననున్న రోగి గాయము చల్లబడి మానునని అతని వాదము. చూర్ణము దేనితో చేసినది? మన యంగళ్లలో దొరకు అన్నభేదితో.

చిత్రమేమనగా, ఆ గాయములు నిజముగానే మానెడివి! అబద్ధమాడినవారెవరును లేరు. అయితే కారణము వేఱు. ఆ కాలపు వైద్యులు గాయములలోనే పూయు లేపనములు తఱచుగా గాయమును చెఱుచునట్టివి. కత్తికి మందు పూసినవారు గాయమును శుభ్రముగా నుంచి దానిజోలికి పోలేదు. అందుచేత అది మానినది. మందు పనిచేయలేదు, దానితోడి శుభ్రతయే పనిచేసినది. కనులార చూచినవారి మాట కూడ కారణనిర్ణయమున పొరపాటు కావచ్చునని ఈ కథ తెలుపుచున్నది.

మఱి కారణమును నిశ్చయించుట యెట్లు? తర్కశాస్త్రము అన్వయ వ్యతిరేకములనెడి రెండు కన్నులిచ్చినది. ఇది యున్నచో అది యుండుట అన్వయము. ఇది లేనిచో అది లేకుండుట వ్యతిరేకము. రైతు తెచ్చిన కాగితమున అన్వయము మాత్రమే కలదు. యంత్రమున్నది, పుండు మానినది. యంత్రము లేక, తక్కిన పరిచర్యలన్నియు అట్లే జరిగినచో ఏమగునో ఆ కాగితము చెప్పదు. చెప్పవలసినది అదియే.

నేటి వైద్యశాస్త్రజ్ఞులు ఈ వ్యతిరేకమును చూచుటకు ఒక పద్ధతి ఏర్పఱచుకొనిరి. ఒకే విధమైన పుండ్లు గల రోగులను కొన్ని వందలమందిని చేర్తురు. వారిని రెండు జట్లుగా విడదీయుటకు వైద్యుని యిష్టమును గాని రోగి యిష్టమును గాని పాటింపక, చీట్లు వేసినట్లుగా విభజింతురు. చీట్లెందుకనగా, వైద్యునికే విడిచినచో తేలికగా మానువారిని తెలియకయే యంత్రపు జట్టులో చేర్చవచ్చును. పిమ్మట ఒక జట్టుకు యంత్రమును, రెండవజట్టుకు మామూలు మంచి పరిచర్యను ఇత్తురు. తక్కినవన్నియు సమానము. నియమిత దినములు గడచిన తరువాత ఎందఱికి పుండ్లు పూర్తిగా మూసికొనినవో లెక్కింతురు. ఎవరికేది యిచ్చిరో ఎఱుగనివాడు లెక్కించినచో ఆ లెక్క మఱింత నమ్మదగినది. నడుమ మానివేసినవారిని, మరణించినవారిని కూడ లెక్కలో విడువరాదు. పరీక్ష తప్పిన పిల్లలను పట్టికనుండి తొలగించి, మా బడిలో అందఱును ఉత్తీర్ణులే యని చెప్పు పంతులు లెక్కను మీరు మెచ్చుకొందురా?

ఇక రైతు అడిగిన యంత్రము సంగతి. పుండులో స్పంజివంటి మెత్తని పదార్థము నుంచి, పైన గాలి చొరని పలుచని పొరను అంటించి, గొట్టము ద్వారా లోపలి గాలిని, నీటిని యంత్రము పీల్చును. సాధారణముగా ఆ పీల్పు పాదరసమానమున 125 మిల్లీమీటర్లుండును. అమెరికాదేశమున ఉత్తర కరోలినా రాష్ట్రములోని వేక్ ఫారెస్టు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్జెంటా, మోరిక్వాస్ అనువారు 1997లో దీనిని గూర్చిన వ్యాసములు ప్రకటించిరి. అంతకు ముందే 1995లో అచటి ప్రభుత్వసంస్థ అమ్మకమునకు సమ్మతించి యుండెను. పిమ్మట అది లోకమంతట వ్యాపించినది.

సాక్ష్యమేమి? 2005లో అమెరికాలో జరిగిన పరీక్ష యొకటి ప్రకటింపబడినది. మధుమేహముచే పాదమున కొంతభాగము తీసివేయబడినవారు 162 మంది అందులో పాల్గొనిరి. పదునాఱు వారములలో పుండ్లు మూసికొన్నవారు యంత్రపు జట్టులో నూటికి 56, రెండవ జట్టులో నూటికి 39. 2008లో 342 మందిపై జరిగిన మఱియొక పరీక్షయందు నూటికి 43, 29. ఈ రెండును యంత్రమునకు అనుకూలములే. అయితే రెండింటికిని ధనమిచ్చినది ఆ యంత్రమును చేయు సంస్థ. అంతమాత్రమున అవి అసత్యములని నేననను. అమ్మువాని తక్కెడలో తూచిన సరకును మరల ఒకమాఱు తూచి చూచుకొనుట మంచిదని మాత్రము అందును.

జర్మనీవారు అట్లే తలచిరి. వైద్యసాధనముల గుణమును విచారించు స్వతంత్రసంస్థ యొకటి ఆ దేశమున కలదు. 2006లో ఆ సంస్థవారు ఈ యంత్రపు సాక్ష్యమంతయు విమర్శించి, మామూలు పరిచర్యకంటె ఇది మేలని నిశ్చయించుటకు ఆధారములు చాలవని తేల్చిరి. పిమ్మట ఆ దేశమున మధుమేహపాదవ్రణములు గల 368 మందిపై జరిగిన పరీక్ష 2020లో ప్రకటింపబడినది. పదునాఱు వారములలో పుండు పూర్తిగా మూసికొన్నవారు యంత్రపు జట్టులో నూటికి ఇంచుమించు 15, రెండవ జట్టులో 12. ఈ భేదము కాకతాళీయముగా కూడ కలుగదగినంత స్వల్పము. ఆ పరీక్షకును లోపములు లేకపోలేదు. నియమించిన చికిత్సను నియమించినట్లు పొందనివారు అందులో పలువురు. అయినను యంత్రము నిజముగా గొప్ప మేలు చేయునదైనచో ఇంతటి పరీక్షలో ఆ మేలు దాగియుండుట అరుదు.

బ్రిటనుదేశమున 2018లో ప్రకటింపబడిన పరీక్ష వేఱొక విధమైన గాయమును గూర్చినది. కాలియెముక విఱిగి, చర్మము చీలి గాయమైనవారు 460 మంది. యంత్రము పెట్టినవారిలో లోతుగా చీము పట్టినది నూటికి 7.1 మందికి, మామూలు కట్టు కట్టినవారిలో 8.1 మందికి. ఏడాది తరువాత కాలి యుపయోగమున ఉభయులకును భేదము కనబడలేదు. ఇట్లని యీ యంత్రము ఎచటను పనికిరానిదనుటయు తప్పే. శస్త్రచికిత్స చేసి కుట్టివేసిన గాయములపై పెట్టినచో చీముపట్టుట కొంత తగ్గవచ్చునని పెక్కు పరీక్షలను చేర్చి చూచిన కాక్రేన్ సంస్థవారి 2022 నాటి సమీక్ష చెప్పుచున్నది. మధుమేహపాదమును గూర్చిన అంతర్జాతీయ కార్యవర్గమువారు 2023లో ఇచ్చిన సూచనలయందు, పాదమునకు శస్త్రచికిత్స చేసిన పిమ్మట మిగిలిన గాయమునకు ఈ యంత్రమును ఆలోచింపవచ్చుననియు, శస్త్రచికిత్సతో సంబంధము లేని పుండుకు వాడకుండుట మేలనియు చెప్పిరి. కావున యంత్రము మంచిదా చెడ్డదా యని అడుగరాదు. ఏ గాయమునకు, ఎవరికి, దేనితో పోల్చగా మంచిది అని అడుగవలెను.

మేలును తూచునపుడు కీడును కూడ తూచవలెను. అమెరికాదేశపు ఆహార ఔషధ పాలనాసంస్థవారు 2009లో ఒక హెచ్చరిక ప్రకటించిరి. రెండేండ్లలో ఈ యంత్రములతో సంబంధించి 6 మరణములు, 77 హానులు తమకు తెలియవచ్చినవనిరి. 2011లో మఱి 6 మరణములు, 97 హానులు చేర్చి చెప్పిరి. అన్నిటికంటె ఘోరమైనది రక్తస్రావము. మరణములలో పెక్కు ఇండ్లయందును, వృద్ధుల సంరక్షణగృహములందును సంభవించినవి. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు ఈ సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను.

ఇపుడు మీరొక మాట అడుగవచ్చును. "ప్రభుత్వమువారు సెలవిచ్చిన యంత్రము గదా, ఇంక సందేహమేల?" అని. సెలవు వేఱు, సాక్ష్యము వేఱు. అమెరికాలో 1976 నాటి చట్టము ననుసరించి, ఇదివఱకే అంగడిలోనున్న సాధనమునకు తమ సాధనము సమానమని చూపినచో పెక్కు సాధనములకు అమ్మకపు సమ్మతి లభించును; రోగులపై పరీక్షించి చూపవలసిన పని తఱచుగా నుండదు. మన దేశమున 2017 నాటి వైద్యోపకరణముల నియమములు 2018 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. అవి సాధనములను అపాయమును బట్టి నాలుగు తరగతులుగా విభజించినవి. అనుమతిపత్రము సాధనము తగు ప్రమాణములతో చేయబడినదని తెలుపును. మీ తండ్రిగారి పుండును అది మామూలు కట్టుకంటె త్వరగా మాన్పునని పూచీపడదు. బండికి అనుమతి యిచ్చినవాడు అది మీ యూరికి పోవునని చెప్పలేదు గదా!

మఱియొక యంత్రము సంగతి క్లుప్తముగా చెప్పెదను. కాలి నరములు ఉబ్బి పిక్కక్రింద పుండ్లు పడినవారికి ధ్వనితరంగయంత్రము మేలు చేయునని కొంతకాలము తలచిరి. బ్రిటనులో 337 మందిని చేర్చి, సగము మందికి వారమునకొకమాఱు చొప్పున పండ్రెండు వారములు ఆ చికిత్స చేసిరి. ఫలితము 2011లో ప్రకటింపబడినది: పుండ్లు మానుట త్వరపడలేదు. అట్టి పుండ్లకు మేలు చేయునదని స్థిరముగా తేలినది బిగువుగా చుట్టు కట్టు. ఆ చుట్టుటకు నేర్పు కావలెను. కాలికి రక్తప్రసారము చక్కగా నున్నదని ముందుగా చూడవలెను. యంత్రము మాత్రము అక్కఱలేదు.

నిందలు చెప్పుటయే నా యుద్దేశము కాదు. పరీక్షలో నెగ్గినవానిని కూడ చెప్పవలెను. 2018లో ప్రకటింపబడిన ఒక పరీక్ష పుండుపై వేయు ఒక విధమైన మందుపట్టీని గూర్చినది. ఐరోపాలో ఐదు దేశములనుండి, మధుమేహముతోపాటు కాలికి రక్తప్రసారము కొంత తగ్గినవారిని 240 మందిని చేర్చిరి. రెండు జట్లకును చూచుటకు ఒకే తీరుగా నున్న పట్టీలు వేసిరి. ఒకదానిలో మందు కలదు, రెండవదానిలో లేదు. రోగికి తెలియదు, వైద్యునికి తెలియదు. ఇరువది వారములలో నూటికి 48 మందికి, 30 మందికి పుండ్లు మానినవి. ఈ పరీక్షకును ధనమిచ్చినది పట్టీలు చేయువారే. అయినను ఎవరికేది వేసిరో ఎవరికిని తెలియకుండ జరిపినందున దాని మాటకు విలువ హెచ్చినది. కావున ధనమెవరిదని అడిగి ఊరకుండరాదు. తక్కెడ ఎట్టిదని కూడ అడుగవలెను.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపఱచినది మఱొకటి. అది యంత్రమే కాదు. పిండికట్టు! ఎముక విఱిగినవారికి వేయు పిండికట్టు వంటిదే, పాదమునకును పిక్కకును అంటియుండునట్లు నేర్పుగా వేయుదురు. 1930 దశకమున సింహళమునందును మన దేశమునందును కుష్ఠరోగుల అరికాలిపుండ్లకు ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చినది. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు దీనిని ఆ రోగుల కొఱకు విరివిగా వాడెను. 1960 దశకమున ఆయన అమెరికాకు పోగా ఆ విద్యయు ఆయన వెంట అచటికి పోయి, మధుమేహరోగులకు ఉపయోగపడినది. స్పర్శ తెలియని కాలికి కుష్ఠమైననేమి, మధుమేహమైననేమి? నొప్పి తెలియదు గనుక రోగి పుండుపైనే నడచును. నడచిన కొలది పుండు నలగును. పిండికట్టు బరువును పాదమంతటికిని, పిక్కకును పంచి, పుండుకు విశ్రాంతి నిచ్చును.

ఇది వినుటకు సబబుగా నున్నది. కాని సబబుగా నుండుటయే సాక్ష్యము కాదు. కత్తికి మందు పూసినవారి వాదమును వారికి సబబుగానే తోచినది. అందుచేత దీనిని కూడ పరీక్షించిరి. 1989లో అమెరికాలో 40 మందిపై జరిగిన పరీక్ష ప్రకటింపబడినది. పిండికట్టు వేసిన 21 మందిలో 19 మందికి పుండు మానినది. సగటున 42 దినములు పట్టినది. మామూలు కట్టు కట్టిన 19 మందిలో 6 మందికి మాత్రమే మానినది. సగటున 65 దినములు పట్టినది.

తరువాత పుండుమీద బరువు తగ్గించు బూటువంటి సాధనములు వచ్చినవి. స్నానము చేయునపుడు విప్పుకొనవచ్చును, సుఖముగా నుండును. అయినను పిండికట్టంత గుణము కనబడలేదు. ఏల? 2003లో ఒక పరిశోధన 20 మంది రోగుల అడుగులను లెక్కించినది. వారు దినమున వేసిన ప్రతి 100 అడుగులలో ఆ బూటు తొడిగికొని వేసినవి 28 మాత్రమే! తక్కినవన్నియు వట్టి కాలితోనో మామూలు చెప్పులతోనో వేసినవే. 2005లో ఇంకొక పరీక్ష చేసిరి. 50 మందికి ఒకే బూటునిచ్చి, సగముమందికి దానిపై విప్పుటకు వీలులేకుండ కట్టు చుట్టిరి. పండ్రెండు వారములలో పుండు మానినవారు విప్పుటకు వీలులేని జట్టులో నూటికి 83, విప్పుటకు వీలైన జట్టులో 52. సాధనమొక్కటే. భేదమంతయు విప్పుటలోనే యున్నది. అన్వయ వ్యతిరేకములను ఇంత చక్కగా చూపిన దృష్టాంతమును నేను తర్కగ్రంథములలో కూడ చదువలేదు.

నేను ముందు చెప్పిన 2023 నాటి సూచనలయందును, స్పర్శ నశించిన అరికాలి ముందుభాగమునందో నడుమనో గల పుండుకు, విప్పరాని మోకాలివఱకుండు సాధనమునే మొదట ఎన్నుకొనవలెనని యున్నది. అయితే ఒక హెచ్చరిక. పిండికట్టు అందఱికిని పనికిరాదు. కాలికి రక్తప్రసారము బాగుగా లేనివారికిని, చీము ముదిరినవారికిని అది హాని చేయును. దానిని నేర్చినవారే వేయవలెను. వైద్యుడు చెప్పిన గడువున విప్పించి చూపించుకొనవలెను. ఎముకలు కట్టువానిచేత ఇంటివద్ద వేయించుకొన్నచో క్రొత్తపుండ్లు లేచును. నా ప్రసంగము విని ఎవరును అట్టి సాహసము చేయవలదని ప్రార్థించుచున్నాను.

ఇక ఎవరైన మీయొద్దకు వచ్చి, ఈ యంత్రము పెట్టింపుడని చెప్పినపుడు అడుగవలసిన ప్రశ్నలు ఐదు. మొదటిది: ఇది లేక, తక్కిన పరిచర్యలన్నియు చక్కగా జరిగినచో ఏమగును? రెండవది: మాకున్నట్టి పుండ్లపైననే దీనిని పరీక్షించిరా, వేఱు గాయములపైనా? మూడవది: లెక్కించినదేమి? పుండు పూర్తిగా మూసికొనుటయా, కొంచెము చిన్నదగుటయా? కొలత తగ్గుట చూపి మానుటగా చెప్పుట కలదు. నాలుగవది: లెక్కించినవాడెవడు? అమ్మినచో లాభము పొందువాడా, లాభనష్టములు లేనివాడా? ఆప్తవాక్యము ప్రమాణమని మన పెద్దలు చెప్పిరి. కాని ఆప్తుడనగా ఉన్నదున్నట్లెఱిగి, లోభములేక చెప్పువాడు. ఐదవది: దీనివలన కలుగు కీడేమి, అయ్యెడు వ్యయమేమి, ఇంతకంటె తక్కువ వ్యయముతో ఇంతపని చేయునది వేఱొకటి కలదా?

ఈ ప్రశ్నలడుగుట వైద్యుని అవమానించుట కాదు. మంచి వైద్యుడు వీనిని విని సంతోషించును. ఈ ప్రశ్నలు వైద్యమును ఆలస్యము చేయుటకును కాదు. మధుమేహము గలవాని పాదమున పుండు లేచిన యెడల ఆ దినముననే చూపింపవలెను. కాలు ఎఱ్ఱబడి వాచినను, నల్లబడినను, జ్వరము వచ్చినను ప్రశ్నలకై నిలువక ఆసుపత్రికి పరుగెత్తవలెను.

రైతు సంగతి చెప్పి ముగించెదను. అతడు ఈ ఐదు ప్రశ్నలను కాగితముపై వ్రాయించుకొని, తండ్రిని వేఱొక వైద్యునియొద్దకు తీసికొనిపోయెను. ఆ వైద్యుడు కాలినాడి చూచి, రక్తప్రసారము చక్కగా నున్నదనియు, పుండు బరువు మోపుచోటనే యున్నదనియు చెప్పి, పిండికట్టు వేసి, చెడిన మాంసమును తీసి, చక్కెర మందులు మార్చెను. ఏడు వారములకు పుండు మానినది. ఎకరము తాకట్టు పడలేదు.

కాని పెద్దలారా, ఈ యొక్క సంగతిని పిండికట్టునకు సాక్ష్యముగా గైకొనవలదు. ఒక్కని కథ సాక్ష్యము కాదని ఇంతసేపు చెప్పి, తుదకు నేనే ఒక్కని కథతో మిమ్ము నమ్మించినచో, ఆ రెండు ఛాయాచిత్రముల కాగితమునకును నా ప్రసంగమునకును భేదమేమి? నమ్మదగినవి ముందు చెప్పిన పరీక్షలు. ఇంకను ఒక్కటి: మానిన పుండ్లలో నూటికి సుమారు 40 ఏడాదిలోపల మరల లేచునని వైద్యుల లెక్క. అందుచేత ఆ వృద్ధుడు ఇపుడు చెప్పులు లేక గడప దాటడు; ప్రతిరాత్రి అతని కోడలు దీపము దగ్గఱ పెట్టుకొని మామగారి అరికాళ్లు చూచును. ఇందుకు యంత్రముతో పనిలేదు. మీ యిండ్లలో మధుమేహము గలవారున్నచో ఈ రాత్రియే అట్లు చూడుడని వేడుకొని సెలవు గైకొనుచున్నాను.